హాస్టల్ రూముకు వెయ్యి రూపాయలు: గోడకా, లైటుకా, చద్దరుకా?

నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీలోనో, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీలోనో, ఈ రెండు ఊళ్ల చుట్టూ ఉన్న డిగ్రీ, పాలిటెక్నిక్ కాలేజీల్లోనో సీటు వచ్చి హాస్టల్‌లో సామాను దింపినవాళ్లకు మొదటి వారం ఇదే ఆలోచన: ఈ రూమును కొంచెం మన రూములా ఎట్లా చేసుకోవాలి? చేతిలో ఉండేది వెయ్యి రూపాయలు, మహా అయితే రెండు వేలు. ఫోన్‌లో కనిపించే రూములు చూస్తే ఒక్క గోడకే అంత అయ్యేలా ఉంటుంది. దాంతో కొందరు అసలు ఏమీ చేసుకోరు, మూడేళ్లు రైల్వే వెయిటింగ్ హాల్లో ఉన్నట్టే గడిపేస్తారు. అట్లా గడపొద్దనే ఇది రాస్తున్నాను. అలసిపోయి వచ్చి తలుపు తీస్తే మనసు కుదుటపడేలా ఉండాలి రూము. వెయ్యి రూపాయలతో ఆ పని అవుతుంది.

నా సలహా ముందే చెప్తాను. డబ్బు తక్కువున్నప్పుడు మొదట లైటు, తర్వాత బట్ట, ఆఖరున గోడ. చాలామంది గోడతో మొదలుపెట్టి అక్కడే డబ్బు అయిపోగొట్టుకుంటారు. గోడ హాస్టల్‌ది. దానికి పెట్టిన రూపాయి రూము ఖాళీ చేసే రోజు అక్కడే ఉండిపోతుంది. ల్యాంపు, చద్దరు మనవెంట ఇంటికి వస్తాయి, ఆ తర్వాత ఉద్యోగం వచ్చిన ఊరికీ వస్తాయి. అందుకే ఏ వస్తువు చూసినా రెండు ప్రశ్నలు వేసుకోండి: మరక పడకుండా తీయొచ్చా? తీశాక నాకు పనికొస్తుందా? రెండింటికీ అవును అంటేనే డబ్బు తీయండి.

ముందు గది ఏ రకమో చూసుకోవాలి

ప్రభుత్వ సంక్షేమ హాస్టల్లో చాలాచోట్ల ఒకే గదిలో ఎనిమిది, పది మంది ఉంటారు. అక్కడ మనదంటూ ఉండేది ఒక మంచం, ఒక ట్రంకు పెట్టె, తలవైపు రెండడుగుల గోడ. అక్కడ కర్టెన్లు, ర్యాకుల గురించి ఆలోచించడం వృథా. ఉన్నదంతా చద్దరు మీద, దిండు గలేబు మీద పెట్టండి. రెండో జాగా పెట్టె మూత లోపలి వైపు. రోజుకు నాలుగుసార్లు తెరుస్తాం కాబట్టి అక్కడ అతికించుకున్న ఫొటో నాలుగుసార్లు కనిపిస్తుంది. తాళం వేస్తే ఎవరి చెయ్యీ పడదు. పెట్టె ఇనుప రేకుదైతే టేపు కూడా అక్కర్లేదు, చిన్న అయస్కాంతాలు పట్టుకుంటాయి. బటన్ సైజు అయస్కాంతాలు స్టేషనరీ షాపుల్లో దొరుకుతాయి. ఇనుప బీరువా ఉన్నవాళ్లకూ ఇదే మంచి పద్ధతి.

ఇద్దరు, ముగ్గురు ఉండే రూము అయితే కింద చెప్పినవన్నీ పనికొస్తాయి. నలుగురు కలిసి కిరాయికి తీసుకున్న రూము అయితే ఇంకో వెసులుబాటు ఉంది: ఓనరును అడిగి సున్నం వేసుకోవచ్చు. ఒక ఆదివారం, ఒక బ్రష్షు, సున్నం పొడి ప్యాకెట్లు, కాస్త నీలిమందు చాలు. మాసిన గోడ తెల్లబడితే ఉన్న ట్యూబులైటే ఎక్కువ వెలుగు ఇస్తున్నట్టు అనిపిస్తుంది. స్టిక్కర్ పేపర్ల ఖర్చులో కొంత పెడితే గది మొత్తం అయిపోతుంది. సున్నం కంట్లో పడితే ప్రమాదం, కాబట్టి పైకప్పు వేసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. హాస్టల్లో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, వార్డెన్‌తో గొడవ వస్తుంది.

లైటు: ల్యాంపా, సీరియల్ సెట్టా, స్ట్రిప్పా?

హాస్టల్ రూములో మామూలుగా ఒకటే ట్యూబులైటు ఉంటుంది, అదీ తలుపు మీదనో, ఎదుటి గోడకో. దానికి వీపు పెట్టి మంచం మీద కూర్చొని పుస్తకం తెరిస్తే మన తల నీడే పేజీ మీద పడుతుంది. రూములో ఇంకో ముగ్గురుంటే పదిన్నరకు ఒకరు లైటు ఆర్పమంటారు, ఒకరు వద్దంటారు. ఈ రెండు ఇబ్బందులనూ తీర్చేది టేబుల్ ల్యాంపు ఒక్కటే. అందుకే వెయ్యి రూపాయల్లో మొదటి భాగం దానికే ఇవ్వమంటాను. మంచం కడ్డీకో, బల్ల అంచుకో బిగించుకునే క్లిప్పు ఉన్నది తీసుకుంటే బల్ల లేనివాళ్లకూ పనికొస్తుంది. చార్జింగ్ ల్యాంపు అయితే కరెంటు పోయిన రాత్రి కూడా చదువు ఆగదు. కానీ అందులోని బ్యాటరీ కొన్నాళ్లకు బలం తగ్గుతుంది, చాలా చవక రకాల్లో దాన్ని మార్చే వీలు ఉండదు. మీ హాస్టల్‌కు జనరేటరో ఇన్వర్టరో ఉంటే, బల్బు మార్చుకునే మామూలు ల్యాంపే ఎక్కువ కాలం వస్తుంది.

బల్బు కొనేటప్పుడు డబ్బా మీద చూడండి. 6500 కెల్విన్ అని ఉంటే తెల్లటి వెలుగు, 2700 లేదా 3000 అని ఉంటే పసుపు వెలుగు. చదువంతా ల్యాంపు కిందే అయితే తెల్లది తీసుకోండి. చదువుకు స్టడీ హాలు వేరే ఉండి, రూము పడుకోవడానికీ మాట్లాడుకోవడానికీ అయితే పసుపు బల్బు పెట్టి చూడండి. పెచ్చులూడిన గోడ, తుప్పు పట్టిన మంచం కోడు అన్నీ ఆ వెలుగులో వెనక్కి తగ్గుతాయి. అలంకరణ అని మనం అనుకునే దాంట్లో సగం పని ఆ ఒక్క బల్బే చేసిపెడుతుంది.

వార్డెన్ కరెంటు బిల్లు అంటే ఈ లెక్క చెప్పొచ్చు: 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక యూనిట్ కాల్చడానికి 111 గంటలు పడుతుంది. 1500 వాట్ల నీళ్ల హీటర్ రాడ్డు అదే యూనిట్‌ను 40 నిమిషాల్లో కాల్చేస్తుంది.

ఇక సీరియల్ లైట్లు. పండుగలప్పుడు గల్లీ గల్లీలో దొరుకుతాయి, ఫొటోల్లో బాగుంటాయి, ధర తక్కువ. అయినా నేను వాటిని హాస్టల్ రూముకు వద్దంటాను. చవక సెట్లలో వైరు మీద తొడుగు చాలా పలచగా ఉంటుంది, అందులో నడిచేది ఇంటి కరెంటే. దాన్ని తీసుకెళ్లి ఇనుప మంచం కడ్డీలకు చుడతారు. ఒరిపిడికి తొడుగు ఎక్కడైనా చిట్లితే మంచం మొత్తానికి షాక్ వస్తుంది, దాని మీద పడుకునేది మనమే. దోమతెర మీద వేయడం ఇంకా ప్రమాదం. నైలాన్ తెర నిప్పురవ్వకే కరిగి అంటుకుంటుంది. కొన్ని సెట్లకు ప్లగ్గే ఉండదు, రెండు వైర్లను సాకెట్ రంధ్రాల్లో దూర్చి అగ్గిపుల్లలతో బిగించేస్తారు. ఎవరు చేస్తుంటే కనబడినా ఆపండి.

మెరుపు కావాలనే మనసుంటే ఫోన్ చార్జర్‌కు పెట్టుకునే యూఎస్‌బీ లైట్ల తీగ తీసుకోండి. అది 5 వోల్టుల మీద నడుస్తుంది, షాక్ భయం ఉండదు. ఎల్‌ఈడీ స్ట్రిప్ కూడా యూఎస్‌బీదైతే మంచిదే. కాకపోతే దాని వెనక ఉండే జిగురు హాస్టల్ గోడకు నిలవదు. అల్మారా లోపలి అంచుకో, బల్ల కింది చెక్కకో అతికిస్తే ఉంటుంది. ల్యాంపు, లైట్ల తీగ రెండింట్లో ఒకటే కొనే స్థితి ఉంటే ల్యాంపే కొనండి.

బట్ట: రెడీమేడ్ సెట్టా, చేనేతా, ఇంటి నుంచి తెచ్చిందా?

చిన్న రూములో మంచమే పెద్ద వస్తువు. దాని మీద ఏం పరిచామన్నదే రూము రంగు. మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడుగు మంచానికి 60 అంగుళాలు, 90 అంగుళాల చద్దరు సరిపోతుంది. పరుపు కింద మడిచేందుకు అంచులూ మిగులుతాయి.

బజారులో అన్నిటికంటే చవగ్గా దొరికేవి పెద్ద పెద్ద పూలతో మెరిసే చద్దర్లు. ముట్టుకుంటే చేతికింద జారిపోతాయి, ఉతికితే గంటలో ఆరిపోతాయి, రంగు తొందరగా పోదు. వాటిలో చాలావరకు పాలిస్టరే. తెలుసుకోవాలంటే అంచు నుంచి ఒక దారప్పోగు లాగి బయట కాల్చి చూడండి. నూలు అయితే కాగితం కాలిన వాసనతో బూడిద అవుతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. వానాకాలంలో, చలికాలంలో దీంతో ఇబ్బంది లేదు. మార్చి దాటాక అర్థమవుతుంది. నల్లగొండ ఎండలు 44 డిగ్రీలు తాకే రోజుల్లో, స్లాబు కింద పై అంతస్తు రూములో ఆ చద్దరు చెమట పీల్చదు, వీపుకు అంటుకుంటుంది. మన ప్రాంతానికి నూలే సరి.

నూలు అనుకున్నాక మనకున్న అదృష్టం వేరేవాళ్లకు లేదు. చౌటుప్పల్ దగ్గరి కొయ్యలగూడెం ఇక్కత్ నూలు చద్దర్లకు పేరున్న ఊరు. పోచంపల్లి, పుట్టపాక ఆ చుట్టుపక్కలే. జిల్లాలు విడిపోయాక ఇవి యాదాద్రి భువనగిరిలోకి వెళ్లాయి గానీ నల్లగొండ నుంచి హైదరాబాద్ వెళ్లే దారికి దగ్గరే. పాలమూరు వైపువాళ్లకు నారాయణపేట నూలు చీరలు తెలిసినవే. చేనేత చద్దరు ధర ఎక్కువ, వెయ్యిలో సగానికి పైనే పోవచ్చు. అయినా డిగ్రీ అయిపోయేదాకా వస్తుంది, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది.

అయితే ఇక్కత్ డిజైన్ అచ్చు వేసిన మిల్లు బట్ట కూడా ‘పోచంపల్లి’ పేరుతోనే అమ్ముతారు. తేడా పట్టుకోవడం తేలిక. షాపులోనే చద్దరు అంచు పట్టుకొని తిరగేయండి. ఇక్కత్‌లో నేయకముందే దారాన్ని ముడులు కట్టి రంగులో ముంచుతారు. అంటే రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి ముందూ వెనకా ఒకేలా కనిపిస్తుంది. అచ్చు వేసిందైతే వెనక వైపు వెలిసిపోయినట్టు ఉంటుంది. ఇంకా దగ్గరగా చూస్తే అసలు ఇక్కత్‌లో ఒక రంగు ఇంకో రంగును కలిసేచోట గీత కచ్చితంగా ఉండదు, ఈకల అంచులా కాస్త చెదిరి ఉంటుంది. అచ్చు బట్టలో స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. ముదురు ఎరుపు, నలుపు రంగులైతే తడి చేతిరుమాలుతో ఒక మూల రుద్దండి. రంగు ఎక్కువగా అంటితే వేరేది చూపించమని అడగండి. మొదటి రెండు మూడు ఉతుకులు చల్లటి నీళ్లలో విడిగా ఉతికితే తెల్ల చొక్కాలు పాడవ్వవు. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. ఆ రోజుల్లో తగ్గింపు ఇచ్చే చేనేత షాపులు ఉంటాయి. కాలేజీలో చేరే కాలమూ దాదాపు అదే, కాబట్టి ఒక వారం ఆగినా నష్టం లేదు.

మూడోది ఇంటి బొంత. అమ్మ, అమ్మమ్మ కట్టిన నూలు చీరలు పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంతను హాస్టల్‌కు తీసుకెళ్లడానికి చాలామంది పిల్లలు మొహమాటపడతారు. పడొద్దు. గట్టి హాస్టల్ పరుపు మీద అంత మెత్తటిది ఇంకోటి దొరకదు. డిసెంబర్ చలికి అదే కప్పుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. దాని మీద వరుసగా కనిపించే ఆ చేతి కుట్టు ఏ షాపు చద్దరుకూ రాదు. డబ్బు అస్సలు లేదంటే నా ఓటు బొంతకే. కొంచెం ఉంటే కింద బొంత, పైన చేనేత చద్దరు.

కర్టెన్ కొనకండి. ఇంట్లో ఒక పాత నూలు చీర అడగండి. చీర పొడుగు దాదాపు 18 అడుగులు, పన్నా పావు తక్కువ నాలుగడుగులు. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కిటికీకి ఐదేసి అడుగుల ముక్కలు రెండు కోస్తే కుచ్చులతో నిండుగా వస్తుంది. మిగిలిన ఎనిమిది అడుగుల్లో తలుపుల్లేని అల్మారాకు ఒక తెర, ఒక దిండు గలేబు అవుతాయి. టైలర్‌కు ఇచ్చేది అంచులు మడిచి కుట్టే కూలి ఒక్కటే. పైఅంచుకు అదే బట్టతో నాలుగైదు నాడాలు కుట్టించుకుంటే కిటికీ ఊచలకు కట్టేయొచ్చు, గోడకు మేకు కొట్టే పని లేదు. పడమటి కిటికీ అయితే లేత రంగు చీర మంచిది, ముదురు బట్ట ఎండను పట్టుకుంటుంది. దోమతెర కట్టుకోవడానికి జాగా వదిలేసి మిగతావన్నీ అమర్చుకోండి. మన ఊళ్లలో అది లేకుండా నిద్ర లేదు.

గోడకు ఆఖరి వంతు

గోడకు ఏదైనా అతికించే ముందు అరచేత్తో ఒకసారి గట్టిగా తుడవండి. చేతికి తెల్లపొడి అంటితే అది సున్నమో, చవక డిస్టెంపరో. దానికి టేపు, స్టిక్కర్, హుక్కు ఏదీ నిలవదు. జిగురు అంటుకునేది గోడకు కాదు, ఆ పొడికి. చేతికి ఏమీ అంటకపోతే పెయింటు గట్టిదే, కానీ అప్పుడు టేపు లాగితే పెయింటు పెచ్చులు కూడా వెంట వస్తాయి. మొదటి గోడ మీద డబ్బు దండగ, రెండో గోడ మీద డిపాజిట్‌లో కోత.

అందుకే స్టిక్కర్ వాల్‌పేపర్ రోల్ హాస్టల్‌కు పనికిరాదంటాను. రోల్ సాధారణంగా 45 సెంటీమీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడుగు ఉంటుంది. పదడుగుల గోడ నిండాలంటే రెండు మూడు రోల్స్ చాలవు. చెమ్మ పట్టే గోడ మీద వానాకాలం రాగానే ఉబ్బి మూలల నుంచి ఊడుతుంది. ఊడినదాన్ని తిరిగి వాడలేం.

దానికి బదులు రెండు పనులున్నాయి. ఒకటి, కిటికీ ఊచ నుంచి అల్మారా పిడికి సుతిలి తాడు కట్టి, బట్టల క్లిప్పులతో ఫొటోలు వేలాడదీయడం. రెండోది, నాకు ఎక్కువ నచ్చేది: టీవీదో ఫ్రిజ్‌దో పెద్ద అట్టపెట్టె ఎలక్ట్రానిక్స్ షాపులో అడిగి తెచ్చుకొని, రెండు పొరలు కలిపి అతికించి, పైన మిగిలిన చీర ముక్క బిగించి కుట్టడం. బల్ల మీద గోడకు ఆనించి నిలబెడితే బోర్డు తయారు. టైంటేబులు, బస్ పాస్, ఇంటి ఫొటో, ఫీజు రసీదు అన్నీ గుండుసూదులతో దానికే.

ఏం పెట్టాలన్నది మీ ఇష్టం. కొటేషన్ల పోస్టర్లకు డబ్బు పెట్టడం మాత్రం నాకు నచ్చదు. రెండో వారానికే కళ్లు వాటిని చూడటం మానేస్తాయి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు తెలంగాణ మ్యాపు, ఇండియా మ్యాపు మంచి అలంకరణ. నిద్రలేచి చూసినప్పుడల్లా ఒక నది, ఒక జిల్లా గుర్తుండిపోతాయి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయమో, పిల్లలమర్రి ఊడలో, సోమశిల దగ్గరి కృష్ణానదో మీ ఫోన్‌తో మీరే తీసిన ఫొటో ఉంటే స్టూడియోలో ప్రింటు వేయించుకోండి. కొన్న పోస్టర్ కంటే అది మేలు.

మిగతావి తొందరగా

నేల మీద కార్పెట్ వద్దు. పాత బిల్డింగుల్లో షాబాద్ బండలో, తాండూరు బండలో ఉంటే ఎండాకాలం వాటి చల్లదనమే సుఖం. నలుగురు కూర్చోవడానికి ఒక చాప చాలు. ప్లాస్టిక్ చాప కడుక్కోవచ్చు. ఈత చాప చూడటానికి బాగుంటుంది, ఒంటికి చల్లగా ఉంటుంది, నీళ్లు తగిలితే మాత్రం బూజు పడుతుంది.

సామాను పెట్టుకోవడానికి బజారులో అమ్మే తేలిక ప్లాస్టిక్ ర్యాకు పుస్తకాల బరువుకు వంగిపోతుంది. పండ్ల షాపులో చెక్క పెట్టెలు దొరికితే రెండు తెచ్చి, ఉప్పుకాగితంతో రుద్ది, పైకి వచ్చిన మేకులు కొట్టేసి, ఒకదాని మీద ఒకటి పెట్టండి. గట్టిగా నిలుస్తాయి. లోపలికి తెచ్చేముందు మంచి ఎండలో రెండు రోజులు ఉంచి, సందులు విదిలించండి, చెక్క సందుల్లో నల్లులు ఉంటాయి.

మొక్కల్లో మనీప్లాంట్ సీసాలో చాలు, పక్క రూములో ఉంటే ఒక తీగ అడిగి తెచ్చుకోవచ్చు. నీళ్లు వారానికోసారి మార్చాలి, లేదంటే దోమలు గుడ్లు పెడతాయి. కిటికీ లేని రూములో మొక్క జోలికి పోవద్దు. ప్లాస్టిక్ పూలు దుమ్ము పట్టి నెలకే వెలవెలబోతాయి.

కొనడం, పంచుకోవడం

రూమ్మేటుతో కలిసి కొనాలంటే ఒక్కో వస్తువుకు సగం సగం వేసుకోవద్దు. ల్యాంపు ఒకరు, చాప ఒకరు, బోర్డు సామాను ఒకరు అన్నట్టు విడిగా కొనండి. విడిపోయేటప్పుడు ఎవరిది ఏదన్న పేచీ ఉండదు. మధ్యలో ఒకరు హాస్టల్ మారినా సగం డబ్బు కోసం తిరగక్కర్లేదు.

బల్ల, కుర్చీ, ర్యాకు, ల్యాంపు కొత్తవి కొనేముందు సీనియర్లను అడగండి. ఫైనలియర్ పరీక్షలు అయిపోయిన వారంలో ఊరికి మోసుకుపోలేక వచ్చిన ధరకు ఇచ్చేస్తారు. జూనియర్లు అప్పటికి ఇంకా చేరి ఉండరు కాబట్టి సెకండియర్‌లోకి వచ్చే విద్యార్థులకు ఇది మంచి అవకాశం. కొత్తగా చేరినవాళ్లు హాస్టల్ వాచ్‌మన్‌ను అడిగితే ఎవరు ఏం వదిలిపోయారో తెలుస్తుంది. పరుపు, దిండు మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా, ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. నల్లులు వాటితోనే వస్తాయి, ఒకసారి వస్తే హాస్టల్ అంతా పాకుతాయి. హాస్టల్ వాళ్లే పరుపు ఇస్తే మొదటి రోజే మేడ మీదికి మోసుకెళ్లి, రెండు వైపులా ఎండబెట్టి, కుట్ల వెంబడి వేలితో జరుపుతూ చూసుకొని, ఆ తర్వాతే కొత్త చద్దరు పరవండి.